పూల గౌనుకు రెండు భుజాల కొలతలు

కిందటేడు ఏప్రిల్లో మా అమ్మాయికి ఆన్‌లైన్లో ఒక గౌను కొన్నా. లేత పసుపు మీద చిన్న చిన్న ఎర్ర పూలు, చేతుల్లేకుండా, మోకాళ్ళ కిందిదాకా. ఫోటోలో ఎంత ముద్దుగా ఉందో! తీరా ఇంటికొచ్చాక వేసి చూస్తే మూడు లోపాలు. ఒకటి, ఎండకు ఎదురుగా నిలబడితే కాళ్ళు కనపడుతున్నాయి. రెండు, పైభాగానికి లైనింగ్ ఉంది కానీ అది పాలిస్టర్. గంట తిరక్కుండా మెడ చుట్టూ చెమట పొక్కులు. మూడోది, కింది అంచు ఒకవైపు పైకి, ఇంకోవైపు కిందికి వేలాడుతోంది. ‘అంచు తిన్నగా కుట్టడం కూడా రాదు, దీనికి రెండు వేలా!’ అని తిట్టుకుంటూ వెనక్కి పంపేశా.

ఇంకో సైజు తెప్పించా. అదీ అంతే, అదే వైపు వంకర. అప్పుడు నాకు ఏదో అనుమానం వచ్చింది. పిల్లను అద్దం ముందు నిటారుగా నిలబెట్టి చూశా. వంకర గౌనులో లేదు. బుజ్జి ఎడమ భుజం, కుడి భుజం కన్నా కొంచెం కిందికి ఉంది.

ఎముకల డాక్టరు గారు దాన్ని ముందుకు వంగమన్నారు. చేతులు వేలాడేసి వంగితే వీపు కుడివైపు కాస్త ఎత్తుగా కనిపించింది. ఎక్స్‌రే తీయించారు. వెన్నెముక కొంచెం పక్కకు వంగిందట. స్కోలియోసిస్ అంటారట. ఎదిగే వయసులో బయటపడుతుందనీ, చాలామంది పిల్లల్లో ఇందుకే వచ్చిందని కారణం చెప్పలేమనీ, బరువు బ్యాగు మోయడం వల్ల వచ్చింది కాదనీ చెప్పారు. “వంపు తక్కువే. ఇప్పటికి బెల్టు కూడా అక్కర్లేదు. ఎదుగుదల ఆగేదాకా ఆర్నెల్లకోసారి తీసుకురండి” అన్నారు.

మా ఇద్దరికీ, అంటే నాకూ మావారికీ, ఊపిరి పీల్చుకున్నట్టయింది. బుజ్జికి మాత్రం కాలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల. ఆ రోజు నుంచి వదులు టీషర్టులే. పైన ఒక హుడీ. మే నెల విజయవాడ ఎండలో హుడీ! “తీసెయ్యవే, ఉడికిపోతున్నావ్” అంటే, “నాకు బాగానే ఉందమ్మా” అనేది. బాగా లేదని ఇద్దరికీ తెలుసు.

ఈ వేసవి సెలవులకు బందరు వెళ్ళినప్పుడు, ఒక గౌను నేనే కుడదామని నిర్ణయించుకున్నా.

పాత మిషన్ నిద్ర లేచింది

బందరులో మా అమ్మ ఉంటుంది. ఒకప్పుడు మహిళా మండలిలో కుట్టు నేర్చుకుని, మా వీధిలో సగం మందికి జాకెట్లు కుట్టింది. మా ఇద్దరక్కచెల్లెళ్ళ కాలేజీ ఫీజుల్లో ఆ మిషన్ చప్పుడు కూడా ఉంది. ఇప్పుడు కళ్ళు ఆనక, చేతులు వణికి నాలుగేళ్ళుగా ముట్టుకోవడం లేదు. మిషన్ మీద గుడ్డ కప్పి, దాని మీద టీవీ రిమోటు, మందుల డబ్బా పెట్టుకుంది.

నాకు కుట్టు రాదని కాదు. ఫాల్ కుట్టడం, దిండు గలీబులు, చినిగినవి అతకడం వచ్చు. గౌను, అదీ మొత్తం లైనింగ్‌తో, ఎప్పుడూ కుట్టలేదు.

“నేను చెబుతాను, నువ్వు తొక్కు” అంది అమ్మ.

ముందు మిషన్‌కి సేవ. నూనె చుక్కలు పోసి, దారం లేకుండా కాసేపు తొక్కాం. తోలు బెల్టు సాగిపోయి చక్రం మీద జారుతుంటే, అర అంగుళం కత్తిరించి మళ్ళీ కొక్కెం వేశాం. బాబిన్ కేసులో ఎప్పటిదో దూది లాంటి నుసి ఉంటే పాత టూత్ బ్రష్‌తో దులిపాం. సూది కొత్తది వేశాం. పల్చటి నూలు బట్టకు 11 నంబరు సూది చాలు. మామూలుగా ఉండే లావు సూది వేస్తే మల్‌మల్ మీద చిల్లులు పడతాయి, పోగులు లాగేస్తుంది.

బట్ట ఎలా తీసుకున్నామంటే

పెడన మాకు పక్కనే. చెక్క అచ్చులతో అద్దే కలంకారీకి పెట్టింది పేరు. కొట్లో నాలుగు తాన్లు తీయించి, ఒక్కోదాని వెనక చెయ్యి పెట్టి వెలుతురుకు చూడమంది అమ్మ. వేళ్ళు లెక్కపెట్టగలిగితే లైనింగ్ తప్పదన్నమాట. వేళ్ళు అసలు కనపడకపోతే లైనింగ్ అక్కర్లేదు కానీ, అంత మందం బట్ట వేసవికి పనికిరాదు.

మీగడ రంగు మీద మెట్ట తామర రంగు పూలు, ఆకుపచ్చ తీగెలు ఉన్న పల్చటి నూలు బట్టను బుజ్జే ఎంచుకుంది. 44 అంగుళాల పన్నా, రెండున్నర మీటర్లు. లైనింగ్‌కి నూలు బట్టే, రెండుంపావు మీటర్లు. నేను తెల్లది తీయబోతే అమ్మ ఆపింది. “పల్చటి బట్ట కింద తెలుపు ఎత్తి చూపిస్తుందే. ఒంటి రంగుకు దగ్గరగా ఉన్నది తీసుకో, కలిసిపోతుంది.” రెండూ పక్కపక్కన వేసి చూస్తే నిజమే. జిప్, దారంతో కలిపి మొత్తం ఏడు వందల లోపే అయింది.

ఆ కొట్లో కూర్చున్నప్పుడు బుజ్జికి ఒక సంగతి చెప్పాను. మా బందరు పూల బట్ట ఒకప్పుడు ఓడలెక్కి ఐరోపా అంతా తిరిగింది. 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. అంతకుముందే డచ్చివాళ్ళు వచ్చారు. మన కోరమాండల్ తీరంలో అద్దిన పూల నూలు బట్టంటే అక్కడి ఆడవాళ్ళు పడి చచ్చేవాళ్ళు. తేలిగ్గా ఉంటుంది, ఉతికినా రంగు పోదు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళ గొడవ భరించలేక 1686లో ఫ్రాన్సు దీన్ని నిషేధించింది. 1759 దాకా ఎత్తెయ్యలేదు. ఇంగ్లండులో 1721లో చేసిన చట్టమైతే అద్దకం నూలు బట్టను కట్టుకోవడమే తప్పంది. ఆ కాలం గౌన్లకు కూడా పైభాగం లోపల నారబట్ట లైనింగ్ ఉండేది.

“అంటే మనం ఇప్పుడు కుట్టేది నిషేధించిన గౌనా?” అంది బుజ్జి. చాలా రోజులకు దాని ముఖంలో కొంటెతనం చూశాను.

ఇంటికి రాగానే రెండు బట్టల్నీ విడివిడిగా నీళ్ళల్లో నానబెట్టాం. ఇది మాత్రం మీరు అస్సలు మానొద్దు. నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. పైబట్ట ఒకలా, లైనింగ్ ఇంకోలా. తడపకుండా కుడితే, మొదటిసారి ఉతికాక లైనింగ్ లోపలికి లాగేసి పైబట్ట బుడగల్లా ఉబ్బుతుంది. రంగు దిగుతుందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేశాం.

కొలతలు తీసిన సాయంత్రం

అసలు కష్టం ఇక్కడే. కొలతలంటే టేపు ఒంటి మీద పెట్టాలి. బుజ్జి హుడీ తీయలేదు. “దీని మీద నుంచే తీసుకో” అంది. నేను ఏదో అనబోయాను. అమ్మ నన్ను కళ్ళతోనే ఆపేసింది. టేపు తీసుకుని ముందు నన్ను నిలబెట్టింది.

“మీ అమ్మకి చూడు. కుడి భుజం ఐదుంపావు. ఎడమది ఐదు. చిన్నప్పటి నుంచీ అంతే. దీని జాకెట్టు కుడివైపు ఎప్పుడూ జారేది.” తర్వాత టేపు నా చేతికిచ్చి తన భుజాలు కొలవమంది. తేడా అర అంగుళం! “బావిలో నీళ్ళు తోడీ తోడీ” అని నవ్వింది. “ముప్పై ఏళ్ళు కుట్టాను తల్లీ. రెండు భుజాలూ ఒక్కలా ఉన్న మనిషిని నేను చూళ్ళేదు. చెప్పుకోరంతే. మేమూ చెప్పం. గుట్టుగా అటు ఒక దారం, ఇటు ఒక దారం సర్దేస్తాం.”

బుజ్జి కాసేపు మాట్లాడలేదు. తర్వాత హుడీ తీసి మంచం మీద పడేసి వచ్చి నిలబడింది.

దాని వంపు మా తేడాల్లాంటిది కాదని నాకు తెలుసు. అమ్మకీ తెలుసు. ఆర్నెల్లకోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. కానీ ఆ పూట దానికి కావలసింది ఆ మాటే.

మామూలుగా కుట్టేవాళ్ళు ఒకవైపు కొలిచి, బట్ట మడతపెట్టి రెండువైపులా ఒకటే కత్తిరిస్తారు. మేం అన్నీ రెండేసి సార్లు కొలిచాం. మెడ మొదలు నుంచి భుజం చివరిదాకా ఎడమ, కుడి. మెడ మొదలు నుంచి నడుం దాకా ముందువైపు ఎడమ, కుడి. వెనకవైపు కూడా అంతే. చంక కింద నుంచి నడుం దాకా రెండు పక్కలా. నడుం చుట్టూ ఒక తాడు కట్టి, అది ఎక్కడ స్థిరపడితే అదే నడుం గీత అనుకున్నాం. ఛాతీకి మాత్రం ఒంటి కొలత మీద రెండున్నర అంగుళాలు వదులు. వేసవి గౌను ఒంటికి అతుక్కోకూడదు. లోపల గాలి ఆడాలి.

ముందు పాత దుప్పటి మీద

మంచి బట్టకు కత్తెర పెట్టేముందు పాత దుప్పటితో పైభాగం కత్తిరించి, పొడుగు కచ్చాకుట్లు వేసి తొడిగాం. ఎడమ చంక వైపు మెడ నుంచి ఏటవాలుగా ఒక ముడత. భుజం కిందికి ఉన్నవాళ్ళకు ఇలాగే పడుతుందట. అమ్మ ఆ భుజం చివర అర అంగుళం చిటికెతో పట్టి, మెడ దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేకుండా సన్నగా పిన్నులు పెట్టింది. ముడత మాయం!

కానీ అలా భుజం పట్టేస్తే చంక రౌండు అంతమేరకు బిగుసుకుంటుంది. అందుకే ఎడమ చంకను కింద అర అంగుళం లోతుగా దించాలి. ఈ చిన్న కిటుకు తెలియకే చాలామంది భుజం సర్దుకుని, తర్వాత చంక ఒరుసుకుంటోందని బాధపడతారు.

సరిచేసిన దుప్పటి ముక్కల్ని విప్పి, గోధుమరంగు కాగితం మీద గీశాం. ప్రతి ముక్క మీదా ‘ఎడమ’, ‘కుడి’ అని అమ్మ వణికే చేత్తోనే రాసింది. “ఎడమంటే చూసేవాళ్ళ ఎడమ కాదు. వేసుకునేవాళ్ళ ఎడమ” అని రెండుసార్లు హెచ్చరించింది.

కత్తిరింపులో ఇంకో జాగ్రత్త. మా బట్ట మీద తీగెలన్నీ పైకి పాకుతున్నాయి. ముక్కలన్నీ ఒకే దిక్కుగా పెట్టాలి. బట్ట ఆదా అవుతుందని ఒకటి తలకిందులుగా పెడితే వెనకవైపు పూలు తలలు వేలాడేస్తాయి. బట్టను మడవకుండా, అచ్చు వైపు పైకి పరిచి, రాత వైపు పైకి పెట్టి ఒక్కో ముక్కే కత్తిరించాం. పక్కకుట్లకు అంగుళం, మిగతావాటికి అర అంగుళం ఎక్కువ వదిలాం. ఎదిగే పిల్ల కదా, వచ్చే ఏడు విప్పుకోవచ్చు.

లైనింగ్ దగ్గర నా తెలివి

పైభాగం మొత్తానికి లైనింగ్ వేస్తే మెడకు, చంకలకు పట్టీలు కుట్టే పని ఉండదు. పద్ధతి సులువే. పైబట్టకు భుజాలు కలిపి కుట్టాలి. లైనింగ్‌కీ అంతే. తర్వాత రెండింటినీ మంచివైపులు ఎదురెదురుగా పెట్టి మెడ చుట్టూ, రెండు చంకల చుట్టూ కుట్టాలి. వంపుల దగ్గర కుట్టుదాకా, కుట్టు తెగకుండా, చిన్న చిన్న కత్తెర గాట్లు పెట్టాలి. వెనక జిప్ కోసం మధ్యలో తెరిచి ఉంటుంది కాబట్టి, వెనక ముక్కల్ని ఒక్కొక్కటిగా భుజం సందులోంచి ముందుకు లాగితే మొత్తం మంచివైపుకు తిరుగుతుంది. పక్కలు ఆఖరున.

ఆఖరున! నేనేమో అమ్మ మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు ‘ఇంత చిన్నదానికి లేపడమెందుకు’ అని పక్కలు ముందే కుట్టేశాను. ఆ తర్వాత మెడ, చంకలు. తిప్పుదామని చూస్తే ఎటు లాగినా తిరగదు. పైజామా నాడా దూర్చినట్టు వేళ్ళు దూర్చి అరగంట పెనుగులాడా. బుజ్జి వీడియో తీసింది. అమ్మ లేచి చూసి పకపకా నవ్వి, సగం బ్లేడు చేతికిచ్చింది. పక్కకుట్లు నాలుగూ విప్పాను. సూది చిల్లులు కనిపించిన చోట నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేస్తే నూలుపోగులు మళ్ళీ దగ్గరికి వచ్చాయి.

తిప్పాక మెడ అంచులో లైనింగ్ బయటికి తొంగిచూస్తుంటే ఏం చేయాలో కూడా అమ్మే చెప్పింది. లోపలి కుట్టు మిగులును లైనింగ్ వైపుకు మడిచి, లైనింగ్ మీద అంచుకు ఆనుకుని ఒక కుట్టు వేయాలి. పైకి కనపడదు. లైనింగ్ లోపలే ఉంటుంది. భుజాల దగ్గర మిషన్ వెళ్ళినంత మేరకే వేశాం.

కింది భాగానికి పైబట్టను నడుం కన్నా రెండు రెట్లు పైగా తీసుకుని కుచ్చులు పెట్టాం. పొడుగు కుట్లు రెండు వరసలు వేసి, దారాలు లాగి సమంగా సర్దాలి. లైనింగ్‌కి కుచ్చులు పెట్టకూడదు. నడుం దగ్గర లావైపోతుంది. పైన సన్నగా, కింద వెడల్పుగా కత్తిరించి తిన్నగా కుట్టాలి. పైబట్ట పైబట్టకు, లైనింగ్ లైనింగ్‌కు. రెండూ కింద విడివిడిగా వేలాడాలి. కలిపి కుడితే నడిచేటప్పుడు కాళ్ళకు చుట్టుకుంటాయి. మిగిలిన ముక్కలతో రెండు పక్కలా జేబులు. అది బుజ్జి షరతు. జిప్‌ను పైబట్టకే కుట్టి, లైనింగ్ అంచును లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్ చేశాను.

అంచు ఎక్కడి నుంచి కొలవాలి?

గౌనును ఒక రాత్రంతా హ్యాంగర్‌కి వేలాడేశాం. బట్ట ఎక్కడ సాగాలో అక్కడ సాగుతుంది. పొద్దున్నే బుజ్జికి తొడిగి, నడవలో నిలబెట్టాం. అంచును నడుం నుంచి కొలవలేదు. నేల నుంచి కొలిచాం. స్కేలు నేలకు ఆనించి పెట్టి, నిలువుగా పట్టుకుని, పిల్ల చుట్టూ నేను పాకుతూ, 14 అంగుళాల దగ్గర సుద్దతో గుర్తులు పెట్టాను. గౌను తీసి పరిస్తే ఆ గుర్తులు తిన్నగా లేవు. ఒకవైపు ముప్పావు అంగుళం ఎక్కువ. దాని ప్రకారమే కత్తిరించి మడిచాం. లైనింగ్‌ని అంగుళం పొట్టిగా.

కిందటేడు వచ్చిన గౌన్లు బల్లమీద పరిస్తే తిన్నగానే ఉన్నాయి, ఒంటి మీద వంకరగా ఉన్నాయి. ఇది బల్లమీద వంకరగా ఉంది. ఒంటి మీద మాత్రం చుట్టూ నేలకు ఒకే ఎత్తు.

బుజ్జి అద్దం ముందు చాలాసేపు నిలబడింది. ముందు నుంచి, పక్క నుంచి, వెనక్కి తిరిగి భుజం మీదుగా. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. “లోపల మెత్తగా ఉందమ్మా” అంది. భుజాల గురించి ఏమీ అనలేదు. జేబుల్లో చేతులు పెట్టుకుని, “అమ్మమ్మా, ఐస్ తెచ్చుకుంటా” అని చున్నీ, హుడీ ఏమీ లేకుండా వీధి చివరి కొట్టుదాకా వెళ్ళొచ్చింది.

గౌను వెన్ను వంపును సరిచేయదు. విజయవాడ వచ్చాక స్కూల్లో ఏదో ఫంక్షన్‌కి మళ్ళీ హుడీ వేసుకుంది కూడా. నేనేమీ అనలేదు. ఆ మరుసటి ఆదివారం సినిమాకి మాత్రం పూల గౌనే వేసింది.

మీకు నేను చెప్పేవి రెండే. పిల్లల బట్టలు ఎప్పుడూ ఒకేవైపు జారుతున్నా, అంచు ఒకేవైపు వంకరగా ఉంటున్నా, కుట్టినవాళ్ళను తిట్టేముందు పిల్లను ఒకసారి ముందుకు వంగమని వీపు చూడండి. తేడా కనిపిస్తే డాక్టరుకు చూపించండి. రెండోది, ఇంట్లో మిషన్ ఉంటే దాని మీద గుడ్డ తీయండి. నేర్పేవాళ్ళు పక్కన ఉండగానే.

వచ్చేముందు అమ్మ ఆ గోధుమరంగు కాగితాలు చుట్టచుట్టి ఇచ్చింది. “వచ్చే వేసవికి పొడుగవుతుంది. మళ్ళీ కొలిచి దీనిమీదే సర్దుదాం. పారెయ్యకు” అంది. బీరువాలో బుజ్జి ఎక్స్‌రేల ఫైలు పక్కనే పెట్టాను. ఆర్నెల్లకోసారి ఫైలు తీస్తాం. ఏడాదికోసారి కాగితం.